రెక్కల నడుమ ఖాళీ చోటు

యెరూషలేము,
ఫిబ్రవరి రెండో వారం

ప్రియమైన బావా,

నీ ఉత్తరం చేరింది. వారం వారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నా, కాగితం మీద నీ చేతిరాత చూసేసరికి ప్రాణం లేచివచ్చింది. కొత్త షెడ్డు వేసుకున్నావనీ, అమ్మకు మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ పెరట్లో బీరపాదులు చూసుకుంటోందనీ చదివి చాలా సంతోషించాను. ఇక్కడ చలి ఇంకా పోలేదు. అయినా మా సందు చివర బాదం చెట్టు అప్పుడే పూసింది. ఆకు ఒక్కటి లేదు. కొమ్మ నిండా తెల్లని పూలు, ఒక్కో పువ్వు నడిమధ్య కాస్త గులాబి జీర. ఈ చెట్టుతో తరువాత పని ఉంది, గుర్తుపెట్టుకో.

ఉత్తరం చివర నువ్వు అడిగిన మాట పది రోజులుగా నన్ను వదలడం లేదు. "విగ్రహం చేయకూడదని మోషేకు ఆజ్ఞ ఇచ్చిన దేవుడే బంగారు పెట్టె, దాని మీద రెక్కల బొమ్మలు, దీపాలు, రొట్టెలు, గంటలు ఎందుకు చేయించుకున్నాడు?" అని రాశావు. ఆదివారం బడిలో ఆ వస్తువుల పేర్లన్నీ వరసగా అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి నేను. నాకు ఏనాడూ ఈ అనుమానం రాలేదు. చేతితో వస్తువు చేసేవాడివి కనుక నీకు వచ్చింది.

నేను చూసుకునే తాతగారికి నీ ప్రశ్న హీబ్రూలో చెప్పాను. ఆయన చరిత్ర మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారని చెప్పాను కదా. ఇప్పుడు చూపు దాదాపు లేదు, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. కాసేపు ఊరుకుని, "నీ స్నేహితుడు వడ్రంగి అన్నావు కదూ, అయితే పెట్టెతో మొదలుపెట్టు" అన్నారు. కాబట్టి పెట్టెతోనే మొదలుపెడుతున్నాను.

దాన్ని మన తెలుగు బైబిల్లో మందసం అంటారు. నిర్గమకాండం 25వ అధ్యాయంలో దాని కొలతలు ఉన్నాయి. పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరన్నర, ఎత్తు మూరన్నర. మన బజారులో మల్లెపూలు కొలిచే మూరే అది, మోచేయి నుంచి వేలి కొస దాకా. లెక్కకు సుమారు 112 సెంటీమీటర్ల పొడవు, 67 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు. మీ ఇంట్లో నాయనమ్మ బోషాణం కంటే చిన్నది.

చెక్క ఏదో తెలుసా? తుమ్మ. నువ్వు నల్లతుమ్మ దుంగ మీద రంపం పెట్టినప్పుడల్లా పళ్ళు అరిగిపోతున్నాయని విసుక్కునేవాడివి, కానీ బండిచక్రానికి అంతకు మించిన చెక్క లేదని నువ్వే అనేవాడివి. సీనాయి ఎడారిలో పెరిగే తుమ్మ మన తుమ్మకు దాయాది. గొడుగు తెరిచినట్టు పైన చదునుగా ఉంటుంది, ఒళ్ళంతా ముళ్ళు. ఆ ఎడారిలో కలప కావాలంటే చేతికి అందేది దాదాపు అదొక్కటే. దేవదారు ఆ తరువాత ఎన్నో తరాలకు, సొలొమోను ఆలయం కట్టేటప్పుడు లెబానోను నుంచి వచ్చింది. మొదట మాత్రం ముళ్ళ చెట్టే. ఆ చెక్కకు లోపలా వెలుపలా మేలిమి బంగారం తొడిగించాలని ఆజ్ఞ. లోపల బంగారం ఎవరికి కనిపిస్తుంది? యూదుల గురువులు తాల్ముదు అనే తమ చర్చల గ్రంథంలో దీని గురించి తర్కించారు. ఒకదానిలో ఒకటిగా మూడు పెట్టెలు చేశారని, నడిమిది చెక్క, మిగిలిన రెండూ బంగారమని వాళ్ళ లెక్క. లోపల ఒకటి, బయట ఒకటిగా ఉండే పండితుడు పండితుడే కాడని కూడా అక్కడే అన్నారు.

చేసినవాడి పేరు బెసలేలు. ఆ పేరుకు 'దేవుని నీడలో' అని అర్థం. దేవుడు అతణ్ణి తన ఆత్మతో నింపాడని రాసి ఉంది. దేనికి? బంగారం, వెండి, ఇత్తడి మలచడానికి, రత్నాలు పొదగడానికి, చెక్క చెక్కడానికి. మందసం ఉంచే గుడారపు పలకలకు రెండేసి కుసులు పెట్టమని, వాటి కింద వెండి దిమ్మలు వేయమని చెప్పిన అధ్యాయం నీకు చదివి వినిపించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. కుసి అన్న మాట పవిత్ర గ్రంథంలో ఉందంటే నువ్వు ఎంత సంతోషిస్తావో నాకు తెలుసు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వస్తాను. పెట్టె మూత మొత్తం బంగారం. మన బైబిలు దాన్ని కరుణాపీఠం అంది. దాని రెండు కొసల్లో రెండు కెరూబులు, ఎదురెదురుగా, రెక్కలు పైకి చాచి. నేను చిన్నప్పుడు వాటిని క్యాలెండర్లో బొద్దుగా ఉండే పసిపిల్లల్లా ఊహించుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ కాలపు కనాను, ఫేనీకే దేశాల్లో మనిషి ముఖం, సింహం ఒళ్ళు, పక్షి రెక్కలు ఉన్న ప్రాణిని సింహాసనానికి రెండు పక్కలా చెక్కేవారు. బైబ్లోస్ రాజు అహీరాము రాతి శవపేటిక బేరూతు మ్యూజియంలో ఉంది. దాని మీద రాజు సరిగ్గా అలాంటి సింహాసనం మీదే కూర్చుని ఉన్నాడు. మెగిద్దోలో దొరికిన దంతపు పలక మీదా అంతే. యెహెజ్కేలు ప్రవక్త వర్ణన వేరుగా ఉంది కాబట్టి మందసం మీది కెరూబులు అచ్చంగా ఇలాగే ఉండేవని ఎవరూ ఒట్టు పెట్టలేరు. అయితే వాటి స్థానం మాత్రం అదే, సింహాసనానికి అటూ ఇటూ. 'కెరూబుల మధ్య ఆసీనుడైనవాడు' అని ఇశ్రాయేలీయులు తమ దేవుణ్ణి పిలిచేవారు.

అంటే ఆ బొమ్మలు దేవుడి రూపం కావు బావా, కుర్చీ చేతులు! కుర్చీ చేశారు, కూర్చున్నవాడి బొమ్మ చేయలేదు. చుట్టుపక్కల దేశాల శిల్పులు ఎక్కడ రాజునో దేవుణ్ణో చెక్కేవారో, సరిగ్గా అక్కడ బెసలేలు ఉలి ఆపేశాడు. "ఆ రెండు కెరూబుల మధ్య నుంచి నీతో మాట్లాడతాను" అని దేవుడు మోషేతో అన్నాడు. రెక్కల నడుమ ఆ జానెడు ఖాళీ చోటే అన్నిటికంటే పవిత్రం. ఆ ఖాళీని నిలబెట్టడానికే అంత బంగారం. ఇది తాతగారి నోట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెట్టెలో ఏముంది? పది ఆజ్ఞల రాతి పలకలు. ఆ రోజుల్లో ఇద్దరు రాజులు ఒడంబడిక చేసుకుంటే ఆ పత్రాన్ని తమ దేవుడి పాదాల దగ్గర ఉంచేవారు. ఇక్కడా పలకలు ఆసనం కిందే ఉన్నాయి. మోతకర్రల సంగతి కూడా విను. వాటిని ఉంగరాల్లోంచి ఎప్పుడూ తీయకూడదని ఆజ్ఞ. ఆలయంలో స్థిరంగా పెట్టాక కూడా తీయలేదు. కర్రల కొసలు గర్భగుడి ముందు నిలబడినవాళ్ళకు కనిపించేవనీ, అంతకు మించి బయటికి కనిపించేవి కావనీ రాజుల గ్రంథం చెబుతోంది. పల్లకీ మోసే బొంగులు చేసినవాడివి నువ్వు. బొంగు తీయని పల్లకీ అంటే ప్రయాణం ఇంకా అయిపోలేదనే కదా అర్థం.

ఇక మిగతావి. వాటన్నిటినీ ఒక ఇంటి సామానుగా చూడు, ఇట్టే అర్థమవుతాయి. వాకిట్లో కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి ఇత్తడి గంగాళం. ముందు గదిలో దీపం, బల్ల మీద రొట్టె, సువాసన కోసం ధూపం. లోపలి గదిలో యజమాని ఆసనం. ఆ ఇంట్లో లేనిది ఒక్కటే, మంచం. ఇశ్రాయేలు దేవుడు కునుకడు, నిద్రపోడు అని కీర్తన.

దీపస్తంభాన్ని మన అనువాదకులు దీపవృక్షం అన్నారు. ఎవరు పెట్టారో గానీ ఆ మాటకు చేతులెత్తి దండం పెట్టాలి. హీబ్రూలో మెనోరా అంటే దీపం పెట్టే చోటు, అంతే. కానీ వర్ణన మొత్తం చెట్టుదే. ఒక కాండం, ఇటు మూడు కొమ్మలు, అటు మూడు కొమ్మలు, మొగ్గలు, పువ్వులు. ఒక తలాంతు బంగారం, అంటే 30 కిలోలకు పైనే, ఒకే ముద్దను సుత్తితో కొట్టి సాగదీసి చేయాలి, ఎక్కడా అతుకు ఉండకూడదు. గిన్నెలు బాదం పువ్వు ఆకారంలో ఉండాలి. బాదమే ఎందుకు? మా సందు చివరికి వచ్చి చూస్తే తెలుస్తుంది. మిగతా చెట్లన్నీ మోడుల్లా నిలబడి ఉన్నప్పుడు ఈ నేల మీద ముందు కళ్ళు తెరిచేది బాదమే. హీబ్రూలో బాదం 'షాకేద్', మేలుకుని కనిపెట్టుకుని ఉన్నవాడు 'షోకేద్'. యిర్మీయా ప్రవక్తకు దేవుడు బాదం కొమ్మ చూపించి, నా మాట నెరవేర్చడానికి మేలుకుని ఉన్నాను అన్నది ఈ రెండు మాటల సామ్యం మీదే. తెలుగులో చదువుతున్నప్పుడు ఆ కొమ్మకూ ఆ మేలుకోవడానికీ ఏమి సంబంధమో నాకు ఎన్నడూ అంతుపట్టలేదు. మొన్న పొద్దున పాలపాకెట్టు తేవడానికి వెళ్ళి, ఆ చెట్టు కింద నిలబడి ఆ రెండు మాటలూ పైకి అనుకుంటే ఒళ్ళు పులకరించింది.

ఇక్కడి జెండా మీద ఉన్న ఆరు కోణాల నక్షత్రం పాత కాలపుది అనుకుంటాం. కాదు. అది యూదుల గుర్తుగా స్థిరపడింది మధ్యయుగాల తరువాతే. పాత గుర్తు దీపవృక్షమే. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆలయాన్ని కూల్చి దాన్ని ఎత్తుకుపోతున్న దృశ్యం రోములోని తీతు తోరణం మీద చెక్కి ఉంది. 2012లో పరిశోధకులు ఆ రాతి మీద పసుపు రంగు ఆనవాళ్ళు కనిపెట్టారు. అంటే బంగారంలా కనిపించడానికి రంగు వేశారన్నమాట. 1949లో ఇశ్రాయేలు ప్రభుత్వం ఆ దీపవృక్షాన్నే తన అధికార చిహ్నంగా తీసుకుంది.

రొట్టెలు పన్నెండు, ఇశ్రాయేలీయుల పన్నెండు గోత్రాల్లో గోత్రానికి ఒకటి, ఆరేసి చొప్పున రెండు వరసలు. సన్నిధి రొట్టెలంటారు. ప్రతి విశ్రాంతి దినాన, అంటే శనివారం, కొత్తవి పెట్టి పాతవి తీసేవారు. తీసినవి యాజకులు తినేవారు. బబులోను గుళ్ళలో విగ్రహం ముందు రోజూ పూట పూటకూ భోజనం వడ్డించేవారు. ఇక్కడ వారానికి ఒక్కసారి. "నేను ఆకలిగొంటే నీతో చెప్పను, లోకమంతా నాదే కదా" అని కీర్తనల్లో దేవుడే అంటాడు. మరి రొట్టె ఎందుకంటే, మేము మీ ఇంటివాళ్ళం, మీ బల్ల దగ్గర మాకూ చోటుంది అని పన్నెండు గోత్రాలూ గుర్తుచేసుకోవడానికి అని నాకు అనిపిస్తుంది.

ధూపం సంగతి చెప్పాలంటే కిందటి నెలలో మేము మ్యూజియానికి వెళ్ళిన రోజు చెప్పాలి. ఇశ్రాయేలు మ్యూజియంలో అరాదు అనే చోట దొరికిన గర్భగుడిని రాయి రాయిగా తెచ్చి నిలబెట్టారు. దక్షిణాన ఎడారి అంచున యూదా రాజ్యానికి ఒక కోట ఉండేది. 1960లలో యోహానాన్ అహరోనీ అక్కడ తవ్వితే కోట లోపల చిన్న ఆలయం బయటపడింది. నేను చక్రాల కుర్చీని దాని ముందు ఆపాను. "చెప్పు, ఏమి కనిపిస్తోంది?" అన్నారు తాతగారు. నేను చెప్పుకుంటూ పోయాను. మూడు మెట్లు. ఒక చిన్న గూడు లాంటి గది. దాని ముందు రెండు సున్నపురాతి వేదికలు, ఒకటి అర మీటరుకు కాస్త పైన, రెండోది అంతకంటే పొట్టి. వెనక నిలువుగా ఒక రాయి, తల గుండ్రంగా. వేదికల పైన గిన్నెలా లోతు, అందులో నల్లగా పేరుకున్న మసి. ఆ మాట దగ్గర ఆయన నా చేయి గట్టిగా పట్టుకున్నారు. "ఆ మసి 2700 ఏళ్ళ నాటిది" అన్నారు.

2020లో ఆ మసిని పరీక్షించారు. పెద్ద వేదిక మీద సాంబ్రాణి, దానితో జంతువుల కొవ్వు. చిన్న వేదిక మీద పేడతో కలిపిన గంజాయి! నేను నిర్ఘాంతపోయాను. మోషే ధర్మశాస్త్రంలో రాసిన ధూపంలో గంజాయి ఎక్కడా లేదు. నిలువు రాళ్ళను నిలపకూడదనీ ద్వితీయోపదేశకాండం చెబుతోంది. కానీ ఈ కోటలో రెండూ ఉన్నాయి. సీనాయి ఎడారిలోని కుంటిల్లెత్ అజ్రుద్‌లో దొరికిన జాడీల మీదైతే యెహోవా పేరు పక్కనే 'ఆయన అషేరా' అని రాసి ఉంది. అషేరా అంటే కనానీయుల దేవత పేరు. పుస్తకంలో గీత గీసినంత సూటిగా మనుషుల భక్తి నడవలేదు. అందుకు నాకు బాధ కలగలేదు, వాళ్ళు నాకు ఇంకా దగ్గరయ్యారు.

సాంబ్రాణి అరేబియా దక్షిణపు కొస నుంచి ఒంటెల మీద వచ్చేది, ఖరీదైన సరుకు. "నా ప్రార్థన ధూపంలా నీ ఎదుటికి చేరాలి" అన్నాడు కీర్తనకారుడు. అయితే ధూపానికి ఇంకో పని ఉందని నాకు ఈ మధ్యనే తెలిసింది. ఏడాదికి ఒక్కసారి, ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు తెర దాటి లోపలికి వెళ్ళేటప్పుడు ముందు ధూపం వేయాలి. ఎందుకంటే ఆ పొగ కరుణాపీఠాన్ని కమ్మేయాలి, లేకపోతే అతను చనిపోతాడు. వాసన దేవుడి కోసం, పొగ మనిషి కోసం. అక్కడ బొమ్మ లేదు, ఆ లేని చోటును కూడా తేరిపార చూడకూడదు.

ఆ యాజకుడి అంగీ అంచుకు బంగారు గంటలు, నీలం, ఊదా, ఎరుపు నూలుతో చేసిన దానిమ్మకాయలు ఒకటి విడిచి ఒకటి ఉండేవి. రొమ్ము మీద పతకంలో పన్నెండు రాళ్ళు, రాయికో గోత్రం పేరు. ముందు గదిలోకి సేవకు వెళ్ళేటప్పుడు అతను అందరి పేర్లూ గుండె మీద మోసుకుపోయేవాడు.

ఇక మనసును కలచివేసే భాగం. మోషే ఎడారిలో ఇత్తడి సర్పం చేయించాడు కదా, పాము కరిచినవాళ్ళు దాన్ని చూసి బతకడానికి. అది తరువాత కొన్ని వందల ఏళ్ళు భద్రంగా ఉంది. జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. యూదా రాజు హిజ్కియా దాన్ని ముక్కలు ముక్కలుగా కొట్టించాడు. సాక్షాత్తు మోషే చేయించిన వస్తువు! ఎంత గుండె ధైర్యం కావాలి? బెయేర్షెబాలో కొమ్ముల బలిపీఠం రాళ్ళు ఒక గిడ్డంగి గోడలో మామూలు రాళ్ళలా పేర్చి ఉండగా దొరికాయి. వాటిలో ఒక రాతి మీద పాము చెక్కి ఉంది. అరాదు వేదికలను కూడా ఎవరో పక్కకు పడుకోబెట్టి, మట్టి కప్పి మూసేశారు. ఇవన్నీ హిజ్కియా కాలపు సంస్కరణలే అని కొందరు పండితులు అంటారు, కొందరు ఒప్పుకోరు. నేను మాత్రం ఆ వేదికలను పగలగొట్టకుండా పడుకోబెట్టిన చేతుల గురించే ఆలోచిస్తున్నాను. వాటి మీద ధూపం వేసిన చేతులే అయి ఉంటాయి.

మందసం విషయంలోనూ జనం అదే పొరపాటు చేశారు. ఫిలిష్తీయులతో యుద్ధంలో ఓడిపోతుంటే షిలోహు నుంచి మందసాన్ని తెప్పించారు, అది ఉంటే గెలుస్తామని. ఓడిపోయారు, మందసం శత్రువుల చేతికి చిక్కింది. ఆ తరువాత తిరిగి వచ్చినా, బబులోనువాళ్ళు ఆలయాన్ని కాల్చినప్పుడు పట్టుకెళ్ళిన వస్తువుల జాబితాలో మందసం పేరే లేదు. రెండో ఆలయం కట్టినప్పుడు గర్భగుడిలో పెట్టడానికి మందసం లేదు. దాని చోట నేల మీద ఒక రాయి మాత్రం ఉండేదని మిష్నా అనే పాత యూదు ధర్మ సంకలనం చెబుతోంది, ఎత్తు మూడు వేళ్ళు. బెత్తెడైనా లేదు. ప్రధాన యాజకుడు ఏటా వెళ్ళి ధూపపాత్ర ఆ రాతి మీదే పెట్టేవాడు. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే ఆ గదిలోకి చొరబడ్డాడు. లోపల దేవుడి బొమ్మ లేదనీ, అంతా ఖాళీ అనీ రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అతనికి అది వింతగా తోచింది. బెసలేలుకు చూపిస్తే ఒక్క క్షణంలో గుర్తుపట్టేవాడు. పెట్టె పోయింది, రెక్కలు పోయాయి, వాటి నడుమ చోటు మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ఆలయమూ లేదు. బలిపీఠం చేసిన పనిని ఇప్పుడు మనిషి భోజనపు బల్ల చేస్తుందని తాల్ముదు గురువులు అన్నారు. శుక్రవారం సాయంత్రం ఈ ఇంట్లో అది చూస్తుంటాను. తాతగారి అమ్మాయి వచ్చి రెండు దీపాలు వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుంటుంది. బల్ల మీద గుడ్డ కప్పిన రెండు రొట్టెలు, పక్కన ఉప్పు. తాతగారు తడుముకుంటూ గుడ్డ తీసి, రొట్టె తుంచి, ఉప్పులో అద్ది అందరికీ ఇస్తారు, నాకూ ఇస్తారు.

మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదుల సమాజం ఉందని చెబితే ఆయన ఆశ్చర్యపోయారు. తెలుగులో ప్రార్థిస్తారా అని రెండుసార్లు అడిగారు. నువ్వు గుంటూరు వైపు పనికి వెళ్ళినప్పుడు వీలైతే చూసి రా.

ఇంకొక్క పని. వచ్చే నెల మన పక్క ఊరి అబ్బాయి ఒకడు ఇక్కడికి పనికి వస్తున్నాడు. అతని చేతికి ఒక చిన్న నల్లతుమ్మ చెక్క ఇచ్చి పంపు. జానెడు ఉంటే చాలు. చిత్రిక పట్టు, పాలిష్ మాత్రం వేయకు. నీ గురించి చెప్పినప్పటి నుంచీ తాతగారు తుమ్మ ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూస్తానంటున్నారు. పెట్టె గురించి ఇన్నేళ్ళు పిల్లలకు పాఠం చెప్పారు గానీ ఆ చెక్కను ఎన్నడూ ముట్టుకోలేదట.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

నీ
బావ